కైదండ - వృద్ధాప్య చిత్రణలో స్పర్శ

మన కథల్లో, నవలల్లో, నాటకాల్లో ముసలివారు తక్కువేమీ కాదు. వారికి పెట్టీ పెట్టని అన్నం గురించి, రాయించుకున్న పొలం గురించి, పరదేశం వెళ్లిన కొడుకు రాయని ఉత్తరం గురించి మన రచయితలు చాలా రాశారు. విమర్శ కూడా ఆ వెనకే నడిచి, వృద్ధాప్యమంటే ఆకలి, అనారోగ్యం, నిరాదరణ అని శీర్షికలు పెట్టుకొని చదివింది. మేము ఇక్కడ ఎత్తుకుంటున్నది ఆ శీర్షికల్లో ఇమడని విషయం. వయసు మళ్లిన మనిషికి ఇంకొక మనిషి చెయ్యి తగలడం. ఆ అవసరాన్ని మన సాహిత్యం ఎక్కడ ఒప్పుకుంది, ఎక్కడ నవ్వి దాటేసింది, ఎక్కడ వేరే పేరు పెట్టి లోపలికి రానిచ్చింది అన్నది మా ప్రశ్న.

చూడడానికి చిన్న విషయమే గాని దాని విస్తీర్ణం చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై ఏళ్లు పైబడినవారు 10 కోట్లు దాటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025లో ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని చెప్పింది. 2007లో మన పార్లమెంటు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసినప్పుడు, పోషణ అనే మాటలోకి అన్నం, బట్ట, నివాసం, వైద్యం వస్తాయని నిర్వచించింది. చట్టం అంతకంటె చెప్పలేదు. తండ్రి తల నిమరమని కొడుక్కి కోర్టు ఉత్తర్వు ఇవ్వలేదు కదా. ఆ మిగిలిన భాగం సాహిత్యానికి వదిలిందే. అక్కడ ఏం జరిగిందో చూద్దాం.

ముందుగా మాటలు. స్పర్శకు తెలుగులో దేశి పదాలు బోలెడు: తాకు, ముట్టు, అంటు, తడుము, నిమురు, ఒత్తు, హత్తుకొను. వీటిలో రెండు మైలపడ్డాయి. 'అంటు' నుంచే తలంటు వచ్చింది, అంటరానితనమూ వచ్చింది. 'ముట్టు' అంటే తాకడమూ అవుతుంది, స్త్రీల నెలసరి మైలా అవుతుంది. కర్ణాటకలోని మన విద్యార్థులకు ఇది వింత కాదు. కన్నడంలోనూ 'ముట్టు'కు ఈ రెండర్థాలూ ఉన్నాయి. తాకడం అనగానే ఎవరు, ఎవరిని, ఏ వేళలో అనే ప్రశ్నలు మన భాషలో ముందే వచ్చి కూర్చున్నాయన్నమాట.

ముసలివారి విషయంలో ఇది బాగా కనబడేది మడి పాటించే ఇళ్లలో. భర్త పోయిన ముసలమ్మ తెల్లవారకముందే స్నానం చేసి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరిన బట్ట కర్రతో తీసి కట్టుకొని వంటకు దిగితే, భోజనాలయ్యేదాకా మనవలు దగ్గరికి పోకూడదు. పసివాడు బట్టలు విప్పేసి దిసమొలతో వస్తే మాత్రం ముట్టుకోవచ్చు. మైల బట్టకే గాని పసివాడి ఒంటికి లేదని ఆ ఆచారపు లెక్క. ఈ వెసులుబాటు శాస్త్రజ్ఞులు చేసిందో, మనవడి కోసం మొహం వాచిన ఏ ముసలమ్మ చేసిందో గాని, రెండోదే అయి ఉంటుందని మా అనుమానం.

ఈ మైలపడ్డ మాటలకు ఎదురుగా చల్లని మాట ఒకటుంది: కైదండ. నడిచేవారికి ఊతగా చెయ్యి అందించడం. ప్రబంధాల్లో రాజులూ రాణులూ పరిజనం కైదండ పట్టుకొని నడుస్తారు. ఇవాళ వాడుకలో ఆ మాట దాదాపు పోయింది, చేతికర్ర మిగిలింది.

ఆచారం అడ్డం వచ్చినచోట జనం ఒక ఉపాయం చేసుకున్నారు. స్పర్శకు పని అని పేరు పెట్టారు. పండుగనాటి తలంటు, రాత్రిపూట కాళ్లు పట్టడం, మోకాళ్లకు నూనె రాయడం, వీపు గోకడం, వసారాలో కూర్చొని ఒకరి తల ఒకరు దువ్వడం, పేలు చూడడం, కాళ్లకు మొక్కిన పిల్ల తలమీద చెయ్యి పెట్టి దీవించడం, బుగ్గలు పుణికి మెటికలు విరవడం. ఇవన్నీ పనులే, లేదా మర్యాదలే. ఏ ముసలాయనా తనను ముట్టుకోమని అడగడు. కాళ్లు లాగుతున్నాయిరా అంటాడు. సంభాషణ రాసేవారికి ఈ తేడా తెలిసి ఉండాలి. సంభాషణ చదివి విమర్శ రాసేవారికి మరింత తెలిసి ఉండాలి. షాంపూ వచ్చి తలంటు తగ్గింది, మోకాళ్లకు ఎవరి లేపనం వారే రాసుకుంటున్నారు. పని పోయినప్పుడు దాని పేరుతో వచ్చే చెయ్యి కూడా పోయింది. కలిగినవారి ఇళ్లలో ఆ చెయ్యి పూర్వం కూడా కొడుకుదో కోడలిదో కాదన్నది వేరే సంగతి. ముసలి యజమాని ఒంటిని నిజంగా ఎరిగినవాడు వారానికోసారి క్షౌరానికి వచ్చి ఒళ్లు పట్టి పోయేవాడే. ఇప్పుడా స్థానంలో నెలజీతం మీద వచ్చే ఆయా ఉంది. ఈ చేతుల గురించి కథలు ఇంకా రావలసి ఉన్నాయి.

ఇక శాస్త్రం సంగతి. లాక్షణికులు శృంగార నాయకుడికి చెప్పిన గుణాల్లో యౌవనం ఒకటి. నాయికను ముగ్ధ, మధ్య, ప్రగల్భ అని విభజించినవారు ప్రగల్భ దగ్గర ఆగిపోయారు. ఆ తరువాతి వయసుకు పేరే పెట్టలేదు. ఎనిమిది సాత్త్వికభావాల్లో వేపథువు, అంటే వణుకు, ఒకటి. పడుచునాయికకు వస్తే అది రసానికి పనికివస్తుంది. ముసలివానికి వస్తే వాతమని వైద్యుణ్ణి పిలుస్తారు. కావ్యం వదిలేసిన ఈ వయసును చేరదీసినది ప్రహసనం. చేరదీసింది అనడంకంటె పట్టుకుంది అనడం న్యాయం.

తెలుగులో దానికి శిఖరం 'కన్యాశుల్కం'. 1892లో ప్రదర్శించి 1897లో అచ్చువేసిన నాటకాన్ని గురజాడ 1909లో తిరగరాశారు. అందులో లుబ్ధావధానులు ముసలి విధురుడు. డబ్బిచ్చి పసిపిల్లను పెళ్లాడబోతాడు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి అతనికి కట్టబెడతాడు. ఈ పరిహాసం ముమ్మాటికీ న్యాయం. అక్కడ ముసలివాడి ఒంటరితనం తీరాలంటే ఒక చిన్నపిల్ల బతుకు పోవాలి. ఆ బేరంలో జాలి ఎవరిపట్ల ఉండాలో గురజాడకు సందేహం లేదు, మాకూ లేదు. వితంతు వివాహోద్యమం కూడా అంతే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం జరిపించిన మొదటి పెళ్లి నుంచి ఆ ఉద్యమం దృష్టి బాలవితంతువుల మీదే ఉంది, ఉండవలసిందే. అరవయ్యేళ్ల వితంతువు ఆ చర్చలోకి రాలేదు.

మేము చెప్పదలచింది నవ్వు తరువాతి కథ. కన్యాశుల్కం పోయింది గాని ఆ నవ్వు పోలేదు. తన ఈడు మనిషి తోడు కోరుకున్న విధురుణ్ణి చూసినా, మళ్లీ పెళ్లి ఊసెత్తిన పెద్దామెను చూసినా మన సినిమాలు ఇప్పటికీ లుబ్ధావధానుల వాటా నవ్వే పంచుతాయి. ముసలితనానికి దసరా పండుగ అన్న సామెత ఎప్పుడూ నాలుకమీదే ఉంటుంది. పిల్లను కొనుక్కునేవాణ్ణి చూసి నవ్వడం వేరు, ఒంటరిగా ఉన్నవాణ్ణి చూసి నవ్వడం వేరు. ఆ రెండింటి మధ్య గీత గీయడం విమర్శ చేయవలసిన పని. అది సరిగా జరగలేదు.

నవ్వకుండా చూసిన కావ్యం ఒకటి తంజావూరులో పుట్టింది. పద్దెనిమిదో శతాబ్దంలో ప్రతాపసింహుని ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రచించిన 'రాధికాసాంత్వనము'. ఇందులో రాధ వృద్ధురాలు కాదు, నిజమే. కాని తన చేతులమీద పెరిగిన ఇళను కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, ఆ పడుచుజంటను చూస్తూ, తన వయసును మొదటిసారి లెక్కపెట్టుకున్న స్త్రీ. లాక్షణికులు ప్రగల్భ తరువాత వదిలేసిన గుమ్మంలో నిలబడింది. ఆమె కోపానికి కారణం సవతి మాత్రమే కాదు; ఇకమీద తన శరీరాన్ని ఎవరూ వెతుక్కుంటూ రారన్న భయం. గ్రంథం పేరులోనే సమాధానం ఉంది: సాంత్వనము. కృష్ణుడు వచ్చి, కాళ్లావేళ్లాపడి, దగ్గరకు తీసుకొని ఆమెను ఊరడించాలి. ఇతర కావ్యాల్లో నాయిక ప్రణయకోపం తీరడం రివాజు. ఇక్కడ దిగులు తీరడం ప్రధానం.

బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఈ కావ్యాన్ని సంస్కరించి వావిళ్లవారిచేత అచ్చువేయిస్తే, మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో గాని ఆ నిషేధం తొలగలేదు. అంతకుముందే వీరేశలింగంగారు ఈ కవయిత్రిని తీవ్రంగా తప్పుపట్టి ఉన్నారు. నిషేధం చుట్టూ జరిగిన వాదం స్త్రీ శృంగారం రాయవచ్చునా అన్నది. మంచి వాదమే. కాని ఆ వాదం హోరులో రాధ వయసు మరుగున పడింది. రాసిన కవయిత్రి తంజావూరిది, వెలికితీసిన పండితురాలు మైసూరు సీమలో పుట్టి మద్రాసులో స్థిరపడినది. ఈ గ్రంథాన్ని ఈ కోణంలో చదవడానికి తమిళనాడు, కర్ణాటక విద్యార్థులకంటె దగ్గరివారు ఎవరున్నారు?

ఆధునిక కథలో ఈ విషయాన్ని తాకినవాటిలో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'ను మేము ముందు నిలుపుతాము. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథగా అందరికీ తెలుసు. నియమాల మీద జీవితాన్ని కట్టుకున్న పెద్దమనిషి, రావుగారు. రైల్లో బిచ్చమెత్తుకునే మనిషిని చూసి అసహ్యించుకుంటారు. తుపాను రాత్రి స్టేషనులో చిక్కుకొని, చలితోనూ భయంతోనూ ఆమెనే పట్టుకొని ఒదిగి కూర్చుంటారు. తెల్లవారేసరికి ఆమె చనిపోయి ఉంటుంది. తరగతిలో ఈ కథను విలువల పతనమనో, మానవత్వపు గెలుపనో చెప్పడం మామూలు. ఆ సిద్ధాంతాల జోలికి పోకముందు జరిగినదాన్ని జరిగినట్టు చూడాలి: ఎంతోకాలంగా ఎవరి ఆసరా అవసరం లేదనుకున్న శరీరం, ఇంకొక శరీరం వెచ్చదనం లేకుండా ఆ రాత్రి గడపలేదని తెలుసుకుంది. తెలియచెప్పిన మనిషికి కథలో పేరు ప్రతిష్ఠలు లేవు. అనంతమూర్తి కన్నడ నవల 'సంస్కార' (1965)లో ప్రాణేశాచార్యుడికి అడవిలో చంద్రి స్పర్శతో కలిగే కుదుపు దీనికి దగ్గరిదే. రెండింటిలోనూ ఒక ఇబ్బంది ఉంది. నియమపరుణ్ణి మేల్కొలిపే బాధ్యత కింద ఉంచిన స్త్రీ మీద పడుతుంది, ఆమె ఒంటరితనం ఎవరికీ పట్టదు. రావుగారు కన్నీరు పెట్టుకుంటారు, ఆమెకోసం ఆ రాత్రికి ముందు ఎవరైనా పెట్టుకున్నారా?

శ్రీరమణ 'మిథునం' పేరు ఎత్తకపోతే పాఠకులు ఒప్పుకోరు. అప్పదాసు, బుచ్చిలక్ష్మి అనే ముసలి దంపతుల కథ ఇది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ చేతిలో 2000లో మలయాళ చిత్రమైంది, తనికెళ్ల భరణి చేతిలో 2012లో తెలుగు చిత్రమైంది. అందులో అన్యోన్యమంతా నాలుకమీద నడుస్తుంది; తిండి రుచిలోనూ మాట విరుపులోనూ. పెరటి కూర, కొత్త పచ్చడి, ఎత్తిపొడుపు, అలక. చేతులు ఒకరిమీద ఒకరు వేసుకునే సందర్భాలకంటె చేతులతో వండిపెట్టే సందర్భాలు ఎక్కువ. ఇది లోపం కాదు, మన ఇళ్ల తీరు అంతే. పని అనే పేరు లేకుండా స్పర్శ రాదన్నామే, శ్రీరమణకు ఆ కిటుకు పూర్తిగా తెలుసు. కాని ఈ కథను వృద్ధాప్యానికి ఆదర్శచిత్రంగా పట్టుకు వేలాడడంలో ఒక మోసం ఉంది. అది ఇద్దరున్న ఇల్లు. తన తరువాత భర్త ఏమైపోతాడోనని అతనే ముందు పోవాలని కోరుకునే బుచ్చిలక్ష్మి, తాను ఒక్కతే మిగిలాక వచ్చే మొదటి రాత్రి ఎట్లా ఉంటుందో కథ చెప్పదు. మన సమాజంలో వృద్ధాప్యం ఎక్కువగా ఆ రాత్రి తరువాతిది. మరాఠీలో శిర్వాడ్కర్ 'నటసమ్రాట్' (1970) ఆ గడప దాటింది. భార్య కావేరి పోయాక గణపతరావు బేల్వల్కర్‌కు తోడు దొరికేది కొడుకు దగ్గర కాదు, కూతురి దగ్గర కాదు, వీధిలో బూట్లు పాలిష్ చేసే కుర్రవాడి దగ్గర. 2023లో కృష్ణవంశీ దీన్నే 'రంగమార్తాండ'గా తెలుగు తెరకు తెచ్చారు. మహారాష్ట్రలోని మన విద్యార్థులు మూలాన్నీ అనుసరణనూ పక్కపక్కన పెట్టుకొని చూడవచ్చు.

ఇంతవరకు పుస్తకాలు. మన ప్రాంతాల సంగతి కొంచెం వేరు. తెలుగునేలకు దూరంగా తరాలుగా స్థిరపడిన ఇళ్లలో ముసలివారి ఒంటరితనానికి ఇంకొక పొర ఉంది. అవ్వ తెలుగు, మనవడు తమిళమో కన్నడమో ఒరియానో. అవ్వ నాలుగు మాటలంటే వాడికి రెండు అందుతాయి. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగింట పుట్టి తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ నవల 'గోపల్ల గ్రామం' (1976)లో, నూరేళ్లు ఎప్పుడో దాటిన ఒక అవ్వ తమ వంశం తెలుగుదేశం వదిలి దక్షిణానికి వచ్చిన కథ చెబుతుంది. ఆమె చుట్టూ వినేవారున్నారు. కథ ఉన్నంతసేపు మనుషులుంటారు. మన క్షేత్రపర్యటనలు కూడా ఈ నమూనాలోనే సాగుతాయి. మాండలిక పదాలకోసం, పాటలకోసం, సామెతలకోసం పెద్దవారి దగ్గరికి వెళ్తాము. రికార్డరు ముందు పెడతాము. వారి నోరు మనకు కావాలి. కాని అట్లా వెళ్లివచ్చిన విద్యార్థి ఎవరైనా గమనించే ఉంటారు: పాట మధ్యలోనో, అయిపోయాకో ఆ పెద్దామె చెయ్యి పట్టుకుంటుంది. పట్టుకొని వేళ్లు సవరదీస్తుంది, ఎవరి పిల్లవని అడుగుతుంది, లేవబోతే ఒకపట్టాన వదలదు. నమోదు పత్రంలో మాట, అర్థం, ప్రాంతం, వయసు, కులం అని గళ్లు ఉంటాయి. ఈ చెయ్యికి గడి లేదు. మాట సగమే అందే మనవడికి మిగిలిన సగం అందేది ఆ చేతిలోనే కావచ్చు. 2020లో కోవిడ్ వచ్చి దూరం పాటించమన్నప్పుడు మాట కలిసిన ఇళ్లు ఫోనులో బతికాయి. మాట కలవని ఇళ్లలో అవ్వకూ మనవడికీ మధ్య ఉన్న ఒక్క దారీ మూతపడింది.

చివరికి మహాభారతానికి వస్తాము. వెతుకుతున్న విషయం ఏ ముసుగూ లేకుండా కనిపించేది అక్కడ. ధృతరాష్ట్రుడి కౌగిలి అనగానే స్త్రీపర్వం గుర్తుకొస్తుంది. యుద్ధం ముగిశాక భీముణ్ణి కౌగిలించుకుంటానంటాడు. కృష్ణుడు ఇనుప విగ్రహాన్ని ముందుకు తోస్తాడు. గుడ్డివాడి చేతుల్లో అది నుగ్గవుతుంది. ధృతరాష్ట్ర కౌగిలి అని జాతీయమే ఏర్పడింది. ఆ రాజు చేతుల కథ అక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు.

ఆశ్రమవాసపర్వానికి వచ్చేసరికి పదిహేనేళ్లు గడిచాయి. ధర్మరాజు పెదతండ్రికి ఏ లోటూ రానివ్వలేదు. తిండి, బట్ట, పరిచారకులు, దానధర్మాలకు ధనం, అన్నీ ఉన్నాయి. నేటి చట్టం అడిగే నాలుగూ అక్కడ అందాయి. కాని భీముడు అతనికి వినబడేటట్టు భుజాలు చరచుకొని, గుడ్డివాడి కొడుకులను చంపిన చేతులు ఇవేనని అంటుంటాడు. వృద్ధరాజు ఎవరికీ చెప్పకుండా తిండి మానుకుంటాడు. అడవికి పోతానని అనుమతి అడుగుతూ అడుగుతూ సొమ్మసిల్లి గాంధారి మీద ఒరిగిపోతాడు. అప్పుడు ధర్మరాజు విలపిస్తూ, ఇనుప భీముణ్ణి నుగ్గుచేసిన బలశాలి ఈనాడు ఒక స్త్రీని ఆనుకొని పడి ఉన్నాడే అనుకుంటాడు. అంటే ఆ రెండు దృశ్యాలను కలిపి చదవమని చెబుతున్నది మేము కాదు, వ్యాసుడే. తరువాత ధర్మరాజు చల్లని నీటితో చెయ్యి తడుపుకొని అతని రొమ్మునూ మొహాన్నీ నిమురుతాడు. స్పృహ వస్తుంది. రాగానే ఆ ముసలివాడు రాజ్యం మాట ఎత్తడు, కొడుకుల మాట ఎత్తడు. మళ్లీ ముట్టుకోమంటాడు. కౌగిలించుకోమంటాడు. ఆ చేతి స్పర్శతోనే ప్రాణం లేచివచ్చిందంటాడు. కాళ్లు లాగుతున్నాయని గాని, నీళ్లు కావాలని గాని సాకు చెప్పడు. ఎవరిని తన కొడుకులు చంపబోయారో, ఎవరి తమ్ముణ్ణి తానే నలిపెయ్యబోయాడో ఆ మనిషినే అడుగుతాడు.

మనం చూసిన రచనల్లో ఇంత సూటిగా అడిగిన ముసలివాడు ఇంకొకడు లేడు. దీన్ని కరుణరసమని ఒక మాటలో కట్టిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఇందులో శోకంకంటె అడగడమనే సాహసం ఎక్కువ. అడిగినవాడు పాపి కావడం, అందుకున్నవాడు కాదనకపోవడం, ఈ రెండూ లేకపోతే ఆ సన్నివేశానికి బలం లేదు. మంచివాడైన ముసలివాడి తల నిమరడం ఏ కథకుడైనా రాస్తాడు.

ఆపైన ముగ్గురూ అడవికి బయలుదేరుతారు. ముందు కుంతి. ఆమె భుజం మీద కళ్లకు గంతలున్న గాంధారి చెయ్యి. గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుడి చెయ్యి. కైదండ అనే మాటకు ఇంతకంటె బొమ్మ దొరకదు. ఆ అడవిలోనే వ్యాసుడు యుద్ధంలో పోయినవారిని ఒక్క రాత్రికి గంగలోనుంచి లేపి తెచ్చి, పెద్దలకు కళ్లారా చూపి, కౌగిళ్లలో కలిపి, తెల్లవారకముందే పంపేస్తాడు. కొంతకాలానికి ముగ్గురూ దావాగ్నిలో పోతారు. ఇవన్నీ మేము చెప్పింది సంస్కృత మూలాన్నిబట్టి. తిక్కన విరాటపర్వం మొదలు చివరిదాకా తెనిగించాడు గనుక ఈ ఘట్టం ఆయన చేతిమీదుగానే తెలుగుకు వచ్చింది. ధృతరాష్ట్రుడు మళ్లీ ముట్టుకోమని అడిగేచోట తిక్కన ఏ క్రియ వాడాడు, ఏది పెంచాడు, ఏది కుదించాడు, చెయ్యి అనడానికి ఎన్ని పర్యాయపదాలు వేశాడు అన్నది మూలంతో పక్కపక్కన పెట్టి చూడడం తరగతిలో రెండు పీరియడ్ల పని.